చెల్లెలికి దక్కని బిళ్ళ

మా సంఘంలో ప్రభు బల్లకు ముందు వారం పెద్దలం ఇంటింటికీ వెళ్ళి విచారిస్తాం. నడత సరిగా ఉన్నవాళ్ళకు తగరపు బిళ్ళ ఇస్తాం. ఆదివారం బల్ల దగ్గర పంచే ప్రభువు రొట్టె బిళ్ళ ఉన్నవాళ్ళకే. రక్షణకు ఎవరిని ఏర్పరచుకోవాలో దేవుడు లోకం పుట్టకముందే తేల్చేశాడు. మాకు కనబడేది నడత ఒక్కటే. నాది మేకుల కొట్టు. ముప్పై ఏళ్ళుగా తూస్తున్నాను. తూకం రాయికి చుట్టరికం తెలియదు.

ఆ ఏడు మా చెల్లెలి వీధి నా వంతుకొచ్చింది. ఆమె భర్త మందిరం గడప తొక్కకుండానే పోయి నాలుగు నెలలు. కుట్టుమిషను ముందునుంచి లేచి నాకు కుర్చీ వేసింది.

"ఆయన కోసం ఇంకా ప్రార్థన చేస్తున్నావా?" అని అడిగాను. పోయినవాళ్ళ కోసం ప్రార్థించడం మాలో తప్పు. తీర్పు అయిపోయాక మనవి ఎవరికి?

"రోజూ," అంది.

"మానేస్తానని ఒక్క మాట అను. బిళ్ళ ఇచ్చి వెళ్తా."

"అబద్ధమాడి రొట్టె తినమంటావా అన్నయ్యా? ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా బల్ల తప్పలేదు నేను. ఇప్పుడు నాకు మిగిలింది అదొక్కటే."

"ఈసారి తప్పుతుంది."

ఆమె నవ్వింది. "అయినవాళ్ళకు ఆకుల్లో పెడతారని విన్నాను గానీ, ఆకే వెయ్యరని ఇప్పుడే చూస్తున్నా."

ఆదివారం వచ్చి చివరి బెంచీ మీద కూర్చుంది. రొట్టె పళ్ళెం తిప్పే వంతు కూడా నాదే. ఆమె చెయ్యి చాపింది. పక్కావిడకు ఇచ్చి ముందుకు కదిలాను. అందరూ చూశారు. ఆ వారం కొట్టుకు నలుగురు కొత్తవాళ్ళు వచ్చారు. సొంత చెల్లెలికే మినహాయింపు ఇవ్వనివాడి తక్కెడ తప్పదని వాళ్ళ నమ్మకం.

మూడు నెలలకు మళ్ళీ విచారణకు వెళ్ళాను.

"ఆయన కోసం మానేశాను," అంది, మిషను మీంచి తలెత్తకుండా.

"మంచిది."

"ఇప్పుడు నీ కోసం చేస్తున్నానన్నయ్యా. పోయినవాళ్ళ కోసం చేసినట్టే."

బతికున్నవాడి కోసం ప్రార్థన తప్పు కాదు. నియమం ప్రకారం బిళ్ళ ఆమెకు రావాలి. తీసి మిషను బల్ల మీద పెట్టాను. ఆమె ముట్టుకోలేదు. తొక్కడం మొదలుపెట్టింది. మిషను అదురుకు బిళ్ళ కొంచెం కొంచెంగా అంచుకు జరిగి కింద పడింది.

బిళ్ళల లెక్క తప్పకూడదు. నేనే వంగి తీసుకుని సంచిలో వేసుకున్నాను.