పెత్తనం చేసే కన్ను

డార్లీన్‌కి సోమవారం దుప్పట్లతో మొదలవుతుంది. ఆస్టియోపతీ కాలేజీ బల్లల మీద పరిచే దుప్పట్లు ఇంట్లో ఉతికి, మడతపెట్టి మోసుకెళ్ళేది ఆమే. వాటిలో ఒకదాని మీద పడుకునేదీ ఆమే. మిసోరీలోని ఆ కాలేజీలో, ఎముకల్లో కండరాల్లో లోపాన్ని చేత్తో తడిమి పట్టడం ఎలాగో నేర్పేది ఆమె భర్త గ్లెన్. పాఠం ఆయనది, పుస్తకం ఆమె ఒళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా క్లాసుకి వెన్ను చూపిస్తూనే ఉంది, ఒక్కనాడూ వెన్ను చూపలేదు. జీతం మాటెత్తితే, పడుకున్నందుకు కూడా జీతమా అన్నాడాయన.

"మా ఆవిడ ఎడమ తుంటి అరంగుళం ఎత్తు" అని ఏటా నవ్వుతూ మొదలెడతాడు. క్లాసూ నవ్వుతుంది. మావాడు ఏరి కోరి ఒరిగినదాన్ని చేసుకున్నాడని అత్తగారు చర్చి భోజనాల్లో అందరికీ వడ్డించేది. వంకర ఉందన్నాక వంక పెట్టడం ఎంతసేపు? పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే పనిలో చేరతానని డార్లీన్ గ్లెన్‌ని మూడుసార్లు అడిగింది. ఆ తుంటితో రోజుకి పది మైళ్ళా అని మూడుసార్లూ ఒకటే జవాబు. కాబోలనుకుని ఆ పది మైళ్ళూ ఇంట్లోనే నడిచింది.

ఇవాళ పరీక్ష. మారిసోల్ అనే అమ్మాయి వచ్చి, వెల్లకిలా పడుకున్న డార్లీన్‌కి ఎడమపక్కన నిలబడి, రెండు తుంటి ఎముకల మీదా బొటనవేళ్ళు ఆనించి వంగి చూసింది. చేతులు రుద్దుకుని మళ్ళీ చూసింది. కాగితం మీద "సమానం" అని రాసింది.

"నేను పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్న తుంటమ్మా అది" అన్నాడు గ్లెన్, సున్నా చుట్టడానికి పెన్ను తీస్తూ.

"అటెందుకు నిలబడ్డావమ్మా?" అంది డార్లీన్. బల్ల మీది పుస్తకం ప్రశ్న అడగడం అదే మొదలు.

"నాది ఎడమ కన్నండీ. రెండు కళ్ళలో పెత్తనం చేసే కన్ను ఏదో, ఆ పక్కనే నిలబడాలి. లేకపోతే సమంగా ఉన్నదీ ఎగుడుదిగుడుగా కనిపిస్తుందని సారే చెప్పారు."

డార్లీన్‌కి భలే కుతూహలం పుట్టింది. మరి గ్లెన్‌ది ఏ కన్ను? జింకల వేటలో తుపాకీ ఎడమ భుజానికే ఆనిస్తాడు, కుడి కన్ను మూస్తాడు. అంటే ఎడమ కన్నే. కానీ ఈ గదిలో ఏనాడూ ఎడమపక్కకి రాలేదు. మైకు కుడిపక్కన ఉంది మరి. మైకున్న చోటే మొగుడు. అయితే ఇన్నేళ్ళూ ఒరిగింది తన నడుమా, ఆయన చూపా? పోగొట్టుకున్న నడకంతా గుర్తొచ్చి కోపం రావాలి. వస్తుందిలే, తీరిగ్గా. ముందు సంగతేమిటో తేలాలి.

"గ్లెన్, ఇటుపక్కకి వచ్చి చూడు."

బల్ల చుట్టూ నాలుగడుగులు. క్లాసంతా చూస్తోంది. గ్లెన్ పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. రాలేదు.

డార్లీన్ లేచి చొక్కా సర్దుకుంది.

"మారిసోల్, నువ్వు రాసింది కొట్టెయ్యకు" అంది. "గ్లెన్, నేను పోస్టాఫీసుకి వెళ్తున్నాను. వచ్చే వారానికి వేరే నడుం వెతుక్కో."