మైదా గిన్నె

మూడోసారి తుడిచాక కూడా గుడ్డకి నలుపు అంటుతూనే ఉంది. నార్బర్ట్ క్లూగ్ గుడ్డ మడత మార్చాడు. అలమారా మీదున్న గిన్నెలో మూడు వేళ్లు ముంచి కాస్త మైదాపిండి తీసి, విమానం ముక్కుకి బిగించిన అల్యూమినియం టోపీ మీద చల్లి మళ్లీ మొదలుపెట్టాడు. పాలిష్ జిడ్డును మైదా లాగినట్టు మరేదీ లాగదు. గిన్నెల ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్లు పాలిష్ చక్రం ముందు నిలబడినవాడికి ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

డెబ్బై ఒక్కేళ్ల పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి దిగి ఉంటుంది. చక్రానికి గిన్నెను అదిమి పట్టీ పట్టీ అలా వాలిపోయింది. ముఖం ఎవరికీ గుర్తుండదు గాని చేతులు ఒకసారి చూస్తే మరిచిపోరు. గోళ్ల చుట్టూ, వేళ్ల ముడతల్లో, అరచేతి గీతల్లో అల్యూమినియం నలుపు ఇంకిపోయి ఉంటుంది. నిన్న సాయంత్రం భార్య ఆర్డిస్ నిమ్మరసం, పంచదార, గిన్నెల సబ్బు కలిపి పట్టించి, గరుకు బ్రష్షుతో ఆ చేతుల్ని ఎర్రబడేదాకా తోమింది. నలుపు పోలేదు.

“పెళ్లి ఫొటోలోనూ ఇవే చేతులు. పైకి వెళ్లాక దేవుడు నీ మొహం గుర్తుపట్టకపోయినా వీటిని గుర్తుపడతాడులే,” అని విసుక్కుని, నీలం చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది.

ఆ చొక్కా ఇప్పుడు పని దుస్తుల కింద, మెడదాకా బొత్తాలు పెట్టుకుని, వేసుకునే ఉన్నాడు. ఈ రోజు నార్బర్ట్ జీవితంలో మొదటిసారి విమానం ఎక్కబోతున్నాడు.

విమానం డాక్టర్ హాల్వర్సన్‌ది. ఊళ్లో సగంమంది పళ్లు బాగుచేసేది ఆయనే. ఆరేళ్ల కిందట పెట్టెల్లో వచ్చిన రేకుల్ని ఈ చిన్న విమానాశ్రయం షెడ్డులో ఒక్కొక్కటే బిగించుకుంటూ వచ్చి, రంగు వేయకుండా అద్దంలా మెరిపించాలని ముచ్చటపడ్డాడు. ఒక ఆదివారం తనే పాలిష్ మిషను పట్టుకుని తోక మీద ప్రయత్నిస్తే తోక నిండా సుడుల్లాంటి గీతలు తేలాయి. ఊళ్లో శుక్రవారం చేపల వేపుడు విందులో ఎవరో నార్బర్ట్ పేరు చెప్పారు. నార్బర్ట్ వచ్చి, రేకుకి గోరు ఆనించి చూసి, దీని మీది పొర కాగితమంత మందం కూడా లేదని, గట్టిగా రుద్దితే పొర పోయి లోపలి లోహం పాడవుతుందని చెప్పాడు. వారంలో ఆ సుడుల్ని మాయం చేశాడు.

కూలి మాట వస్తే వద్దన్నాడు. “నాకేం వద్దు డాక్టరు గారూ. విమానాల జాతరకి వెళ్లే రోజున ఒక్కసారి మీ పక్క సీట్లో కూర్చోబెట్టుకోండి, చాలు.” డాక్టరు అక్కడికక్కడే చెయ్యి కలిపి మాటిచ్చాడు. ఆ తర్వాత రెండు చలికాలాలు నార్బర్ట్ ఆ విమానం మీద ఒళ్లు హూనం చేసుకున్నాడు.

ఎందుకలా అడిగాడో ఆర్డిస్‌కి కూడా చెప్పలేదు. అతని చేతుల మీదుగా లక్షల గిన్నెలు లారీలెక్కి వెళ్లిపోయాయి. అవి ఎవరింట్లో ఏ పొయ్యి మీద ఎలా మెరిశాయో ఒక్కటీ చూడలేదు. ఫ్యాక్టరీ మూసేసిన రోజున, సొట్ట పడిందని పక్కన పారేసిన పొడుగు పిడి సాసుగిన్నె ఒకటి తెచ్చుకున్నాడు. మైదా ఉన్నది అందులోనే. తను మెరిపించిన వస్తువు తన పని తను చేస్తుంటే పక్కన కూర్చుని చూడాలని, అంతే ఆశ. పెద్ద ఆశేమీ కాదు.

మొదటి వారంలో ఒకే ఒక్క పొరపాటు చేశాడు. ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ, రేకు మీద గీరుకున్నచోట చెవి మీది పెన్సిలు తీసి సున్నా చుట్టాడు. పక్క షెడ్డు డ్యుయేన్ అది చూసి తల పట్టుకున్నాడు. డ్యుయేన్ ఉద్యోగం మానేసిన పోస్టుమాను. ఒక పాత విమానం ఉంది గాని దాన్ని ఎగరేసేదానికంటే దాని నీడలో కాఫీ తాగేదే ఎక్కువ.

“ఒరేయ్ నార్బ్, విమానం రేకు మీద పెన్సిలేంట్రా. ఆ గీత ఊరుకోదు. ఏళ్లకేళ్లు రేకుని లోపలికి తింటూ పోతుంది. నువ్వు పోయినా అది ఉంటుంది.”

ఆ సున్నాని తీయడానికి నార్బర్ట్‌కి అర పూట పట్టింది. పెన్సిలు చెవి మీదే ఉండిపోయింది గాని మళ్లీ ఎప్పుడూ కిందికి దిగలేదు.

ఈ ఉదయం కూడా డ్యుయేన్ రెండు కప్పుల కాఫీతో వచ్చాడు. పని దుస్తుల్లోంచి తొంగిచూస్తున్న నీలం కాలరు పట్టుకుని చూసి, పెళ్లికొడుకులా ఉన్నావన్నాడు. “పైకెళ్లాక కక్కుకోకు. తుడుచుకోవాల్సింది మళ్లీ నువ్వే,” అన్నాడు. నార్బర్ట్ నవ్వాడు. నవ్వితే ఊపిరి అందలేదు. తెల్లారినప్పటి నుంచి ఎడమ చెయ్యి లాగుతోంది. మిషను బరువు వల్లేననుకున్నాడు.

పదకొండు గంటలకి డాక్టరు కారు దిగాడు. వెంట టాడ్ అనే బీమా ఏజెంటు, డాక్టరు గోల్ఫ్ నేస్తం, కొత్త నల్లకళ్లద్దాలతో ఉన్నాడు. డాక్టరు విమానం చుట్టూ ఒక చుట్టు తిరిగి, రెక్కలో తన ముఖం చూసుకుని, జుట్టు సవరించుకున్నాడు. నార్బర్ట్ ముఖం మాత్రం చూడలేదు.

“నార్బ్, మీరేం అనుకోకండి. ఒక చిన్న ఇబ్బంది వచ్చింది,” అన్నాడు. “జాతరలో బహుమతికి పేరిచ్చాను. ప్రతి అంగుళం నా చేత్తోనే చేశానని రాసిచ్చాను. జడ్జీలు గట్టివాళ్లు, అన్నీ తరిచి అడుగుతారు. మీరు నాతో విమానం దిగారనుకోండి...” అక్కడ ఆగి నార్బర్ట్ చేతుల వైపు చూశాడు. “ఆ చేతులు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.”

బహుమతికి పంపిన ఫొటోలేవో నార్బర్ట్‌కి ఇప్పుడు అర్థమైంది. ఒక మధ్యాహ్నం డాక్టరు నార్బర్ట్ ఏప్రన్ కట్టుకుని, నార్బర్ట్ మిషను ఐదు నిమిషాలు పట్టుకుని, బుగ్గకి కాస్త నలుపు పూసుకుని దిగిన ఫొటోలవి. అవి తీసింది కూడా నార్బర్టే. జ్ఞాపకం కోసమేమో అనుకున్నాడు, పిచ్చివాడు.

“గ్లవ్స్ వేసుకుంటాను డాక్టరు గారూ,” అన్నాడు నార్బర్ట్.

టాడ్ కిసుక్కున నవ్వాడు. “ఈ జూలై ఎండలోనా,” అన్నాడు.

జాతర అయిపోగానే తప్పకుండా తీసుకెళ్తానని, మాట తప్పే మనిషిని కానని డాక్టరు చెప్పాడు. ఈసారి చెయ్యి కలపలేదు. పెట్రోలు సంగతి, గాలి సంగతి కనుక్కోవడానికి ఇద్దరూ ఆఫీసు గది వైపు నడిచారు.

నార్బర్ట్ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఎవర్నీ తిట్టనివాడికి ఆ వేళకి తిట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? చెవి మీదికి చెయ్యి పోయింది. పెన్సిలు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, విమానం పొట్ట కింద వెల్లకిలా పడుకున్నాడు. తోక దగ్గర, వంగి చూస్తే తప్ప కనబడని చోట, నిదానంగా పేరు రాశాడు. ఎన్. క్లూగ్.

మెరిసే రేకు మీద బూడిదరంగు అక్షరాలు. పదేళ్లకి అవి లోపలికి దిగుతాయి. ఎన్ని బహుమతులొచ్చినా, ఎన్ని ఫొటోలు గోడకెక్కినా, ఎవరూ తీయలేరు. అలా పడుకుని తన పేరు తను చదువుకున్నాడు. ఒక్క నిమిషం ప్రాణానికి హాయిగా అనిపించింది.

మరుక్షణం చూపు మారింది. పేరు కనబడటం మానేసి రేకు మీద మరక కనబడింది. మచ్చలేని రేకు మీద మరక. తను రెండు చలికాలాలు కాపాడిన పొరని తనే చెడగొడుతున్నాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు. మూసుకున్నా కనబడుతూనే ఉంది.

“ఛీ, నీ బతుకు,” అన్నాడు తనను తనే.

లేచి, రెక్క పట్టుకుని ఊపిరి తీసుకుని, అలమారా దగ్గరికి వెళ్లాడు. గుడ్డకి కాస్త పాలిష్ రాసుకున్నాడు. గిన్నెలో మూడు వేళ్లు ముంచి పిండి తీసుకున్నాడు. మళ్లీ విమానం కింద దూరి, గుడ్డకి నలుపు అంటడం మానేసేదాకా తన పేరు తను తుడిచాడు. పాలిష్ పనివాడి బతుకంతా అదే కదా. తన చెయ్యి పడిన ఆనవాలు తనే మిగలనివ్వకూడదు.

పన్నెండున్నరకి విమానాన్ని బయటికి తోశారు. నార్బర్ట్ కూడా ఒక చెయ్యి వేశాడు, గుడ్డ అడ్డం పెట్టుకుని. పక్క సీట్లో టాడ్ కూర్చున్నాడు. విమానం రన్‌వే చివర పైకి లేచి, సరస్సు వైపు ఒరిగినప్పుడు, ఎండ రెక్కల మీద పడి భగ్గుమంది. నార్బర్ట్ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని అది చుక్కయ్యేదాకా చూశాడు. పని బాగా కుదిరిందనుకున్నాడు. ఆ మాట చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. లోపలికి వచ్చి మడతకుర్చీలో కూర్చున్నాడు.

రెండు గంటలకి డ్యుయేన్ రొట్టెలో పెట్టిన సాసేజీలు రెండు పట్టుకొచ్చాడు. విమానం లేదు, మనిషి ఉన్నాడు. ఏమైందో అతనికి అర్థమైంది. వాణ్ణి తిడతావా నన్ను తిట్టమంటావా అంటూ దగ్గరికి వచ్చాడు. నిద్రపోతున్నాడనుకుని భుజం తట్టాడు. తర్వాత రొట్టెలు నేల మీద పెట్టి, టోపీ తీసి, అంబులెన్సుకి ఫోను చేశాడు. చొక్కా కాలరు బొత్తాం పెట్టినట్టే ఉంది.

ఆర్డిస్ ఆ నీలం చొక్కాతోనే పంపించింది. శవపేటికవాళ్లు చేతులకి రంగు పూస్తామంటే ఒప్పుకోలేదు. డాక్టరు జాతర నుంచి పూలు పంపించాడు. ఆయన విమానానికి బహుమతి వచ్చింది.

అక్టోబరుకల్లా విమానం మసకబారింది. డాక్టరు రెండు ఆదివారాలు మిషను పట్టుకుని కుస్తీ పట్టాడు. రెక్కల నిండా సుడులు తేలాయి. ఆ మరుసటి వసంతంలో మొత్తానికి తెల్లరంగు కొట్టించాడు. రంగు అంటుకోవాలంటే ముందు రేకుని గరుకు కాగితంతో గీరాలి. గీరిన రెండు రోజులూ డ్యుయేన్ తన షెడ్డు తలుపు మూసుకున్నాడు.

అలమారా మీద సాసుగిన్నె మాత్రం ఇంకా అక్కడే ఉంది, పిండిలో మూడు వేళ్లు దిగిన గుంటతో.