ఏడు పొరలు, ఒక పొరపాటు

నేను ఒక బొంతను. నన్ను ఇనుప పెట్టెలోంచి బయటికి లాగింది చలి కాదు, ఒక ఏసీ మెకానిక్కు. ఆదోనిలో మే నెల, పొద్దున పదకొండు గంటలు. అతను స్టూలెక్కి గోడకు నాలుగు బొక్కలు పొడిచి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి "అమ్మా, బ్రాకెట్ ఇయ్యండి" అన్నాడు. డ్రిల్లు మిషను గోలలో మా ఇంటావిడ ఉరుకుందమ్మకు అది బ్లాంకెట్ అని వినబడింది. ఈ ఎండలో బ్లాంకెట్ ఎందుకని ఆమె అడగలేదు. కొత్త మిషను కదా, దానికీ ఏదో శాస్త్రం ఉంటుంది కాబోలు అనుకుని, పెట్టె అడుగున మూడేళ్లుగా నిద్రపోతున్న నన్ను తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను నన్ను గోడకు ఆనించి, మేకు కోసం జేబు తడుముకునేదాకా పోయి, అప్పుడు చూసుకున్నాడు.

"ఇది కాదమ్మా, మిషను కూచునేదానికి ఇనుప బ్రాకెట్."

"మిషను కూచునేదానికి ఇనుము. మనిషి పండుకునేదానికి ఏముండాల మరి?" అని ఉరుకుందమ్మ ఊరికే అంది.

ఆ ఊరికే అన్న మాట ఊరంతా తిరిగింది. మెకానిక్కు కంఫర్టర్ కొనమన్నాడు. పక్కింటివాళ్లు రగ్గు అన్నారు. ఎదురింటివాళ్లు కంబళి అన్నారు. మనుషుల తెలివి నాకెప్పటికీ అంతుపట్టదు. వేడిగా ఉందని చల్లదనం కొంటారు. చల్లగా ఉందని మళ్లీ వెచ్చదనం కొంటారు. ఏసీ వేసి, దాని మీద ఇంకోటి వేసి, ఇదంతా సుఖమని పేరు కూడా వేసేస్తారు.

ఇంటాయన సుంకన్న హైస్కూల్లో డ్రిల్లు సారు. మనిషి ఆరడుగులు, గొంతు పదహారడుగులు. ఆయన ఈల వేస్తే మైదానంలో పిల్లలతో పాటు రోడ్డు మీద ఆటోలు కూడా ఆగుతాయి. ఇరవై ఆరేళ్లు ఎండలో నిలబడి "సావధాన్" అన్నాను, ఈ వేసవి సెలవుల్లో మధ్యాహ్నాలు నీడలో పడుకుని "విశ్రామ్" అంటాను అని ఆయనే ఏసీ తెచ్చుకున్నాడు. కప్పుకునేది ఏదో తేల్చడం మాత్రం ఇంటావిడ వంతు అయింది.

నా పుట్టుక సంగతి చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందట పీరమ్మ అనే దూదేకులావిడ ఈ ఇంటి అరుగు మీద కూర్చుని, దబ్బనం పట్టుకుని, మూడు రోజుల్లో నన్ను కుట్టింది. నాలో ఏడు పొరలు. పైన ఆకుపచ్చ వాయిల్ చీర, అడుగున ఎర్ర దుప్పటి, మధ్యలో కిటికీ పరదాలు, ఒక లంగా, సుంకన్న పంచె ఒకటి, ఇంకా ఏవేవో. స్కూల్లో ఆటల పోటీలకు కట్టిన గుడ్డ బ్యానరు కూడా ఉంది. దాని మీద స్వాగతం అని రాసి ఉండేది. పీరమ్మ అడ్డంగా కత్తిరించేసరికి స్వా పక్కింటివాళ్ల బొంతలోకి పోయింది, గతం నాలో మిగిలింది. అందుకే నాకు ఇన్ని సంగతులు గుర్తు.

ఏడు పొరలు అన్నాను కదా, ఎనిమిదోది పొరపాటు.

పీరమ్మకు ఒక పట్టింపు ఉంది. ఏ ఇంట్లో బొంత కుట్టినా ఆ ఇంటి పెద్దామె కట్టిన బట్ట ఒకటి నట్టనడుమ పరుస్తుంది. అది లేకపోతే కప్పుకున్నవాళ్లకు పీడకలలు వస్తాయట. ఆ ఇంటి పెద్దామె, అంటే సుంకన్న తల్లి ఈరమ్మ, అప్పటికి ఆర్నెల్ల కిందటే పోయింది. ఉరుకుందమ్మ పుట్టింటికి పోయి ఉంది. సుంకన్న ఒక్కడే టీవీ ముందు కూర్చుని, క్రికెట్టులో ఆఖరి ఓవరు చూస్తున్నాడు. పీరమ్మ గడపలో నిలబడి అమ్మ బట్ట ఏదైనా ఒకటి ఇమ్మని అడిగింది. ఆయన తల తిప్పలేదు. అలమర పై అరలో పాత పంచెలో చుట్టి ఉంటుంది, తీసుకోమన్నాడు. ఆయన మనసులో ఉన్నది తల్లి రోజూ కట్టుకున్న నీలం నూలు చీర.

పట్టుచీరలను పాత పంచెలో చుట్టి దాస్తారని, అలా చుడితే జరీ నల్లబడదని ఆ ఇంట్లో ఆడవాళ్లందరికీ తెలుసు. డ్రిల్లు సారుకు తెలియదు. పీరమ్మ ఆ మూట విప్పింది. మునగదీసుకున్న పులిలాగా ఈరమ్మ పెళ్లి పట్టుచీర, కుంకుమ రంగు, అరచెయ్యంత అంచు. ఇదేనా అని ఇంకోసారి అడిగింది. టీవీలో ఎవరో అవుటయ్యారు. ఆయన ఊ అన్నాడు. తల్లి మీద ఇంత ప్రేమ ఉన్న కొడుకును ఎక్కడా చూడలేదని పీరమ్మ కళ్లు తుడుచుకుని, చీరను కళ్లకద్దుకుని నా కడుపులో పరిచేసింది. చుట్టిన పంచెనూ వదల్లేదు. మర్నాడు గుంతకల్లులో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇంకో ఆర్నెల్లకు ఈరమ్మ సంవత్సరికం వచ్చింది. ఆ చీర పెద్దకూతురు మాణిక్యమ్మకు చెందాలని ఈరమ్మ బతికి ఉన్నప్పుడే చెప్పింది. ఇవ్వడానికని ఉరుకుందమ్మ అలమర తెరిస్తే పై అర ఖాళీ. ఆ రోజు అందరికంటే ఎక్కువ అరిచింది, అందరికంటే ఎక్కువ వెతికింది సుంకన్నే. నన్ను కూడా ఎత్తి దులిపాడు. ఆయన చేతుల్లోనే వేలాడుతూ, చీర నా లోపలే ఉందని చెప్పలేక నేను పడ్డ అవస్థ ఏ బొంతకూ వద్దు. మూట మాయం చేసింది మరదలేనని మాణిక్యమ్మ తేల్చేసింది. ఎమ్మిగనూరుకు తిరిగి వెళ్తూ, ఇక ఈ ఇంట మంచినీళ్లు కూడా ముట్టనని చెప్పి పోయింది. వదినా మరదళ్లకు అంతకుముందు పడక కాదు, ఆ రోజు నుంచే పడక.

కప్పడం నా వృత్తి. కప్పిపుచ్చడం మనుషుల వృత్తి అంటారు కానీ, ఆ ఇంట్లో ఎవరూ ఏదీ కప్పిపుచ్చలేదు. నిజంగానే ఎవరికీ తెలియదు. తెలిసినదాన్ని నేను ఒక్కదాన్ని, నాకా నోరు లేదు. చుట్టాల్లో ఉరుకుందమ్మకు పట్టుచీర ఉరుకుందమ్మ అని పేరొచ్చింది. ఏ పెళ్లికి పోయినా ఆమె విడిది గదిలో అడుగు పెడితే ఆడవాళ్లు నవ్వుతూనే సూట్‌కేసులకు తాళాలు వేసుకునేవారు. ఆమె కూడా నవ్వేది. ఇంటికొచ్చి నన్ను నిండా ముసుగు వేసుకునేది. ఆ ముసుగులో ఏం జరిగేదో నేను చెప్పను. నా మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషి.

చెప్పలేను కానీ, గుచ్చగలను కదా. చీర జరీ పోగొకటి నా మూలలోంచి పొడుచుకు వచ్చి, పడుకున్నప్పుడల్లా సుంకన్న బొటనవేలిని కుట్టేది. నన్ను కుట్టింది పీరమ్మ, నేను కుట్టింది సుంకన్నను. పీరమ్మ సూది మరిచిపోయిందని ఆయన సైన్సు సారు దగ్గర అయస్కాంతం తెచ్చి నా ఒళ్లంతా తిప్పాడు. ఏమీ అంటుకోలేదు. జరీకి అయస్కాంతం అంటుకోదని సైన్సు సారు చెప్పి ఉండేవాడే, లోపల జరీ ఉందని ఆయనకు ఎవరు చెప్తారు? నాలుగేళ్లు కుట్టించుకుని, చివరికి నన్ను పెట్టెలో వేశారు.

ఇప్పుడు బయటికొచ్చాక పోటీ మొదలైంది. మొదట సోలాపూర్ దుప్పటి వచ్చింది. బాగానే ఉంది, సుంకన్న మోకాళ్ల దాకా. తలకు కప్పితే కాళ్లు బయట, కాళ్లకు కప్పితే తల బయట. దుప్పటి కాదు, తప్పటి. తర్వాత గొర్రెలు కాసే కురవాళ్ల దగ్గర్నుంచి కంబళి వచ్చింది. అసలైన గొర్రె ఉన్ని. ఎంత అసలంటే, ఏసీ వేయగానే గదంతా మందలో నిలబడ్డ వాసన. సుంకన్న పదిహేడు తుమ్ములు తుమ్మాడు, ఉరుకుందమ్మ లెక్కపెట్టింది. అది కంబళి కాదు, సుంకన్న ముక్కును అడిగిన బలి. ఆపైన పులి బొమ్మ రగ్గు. దాని కింద ఉడికిపోయి ఆయన ఏసీని పదహారుకు దించాడు, దించితే చలి, చలికి రగ్గు, రగ్గుకు ఉక్క. పైగా ఆ పులి తనవైపే చూస్తోందని ఉరుకుందమ్మ దాన్ని తిరగేసి వేసింది. అప్పుడది సుంకన్నవైపు చూసింది. చివరికి కంఫర్టర్. తెల్లగా, ఉబ్బుగా, అప్పుడే దింపిన పూరీలాగా ఉంది. మరక పడుతుందని దాని దగ్గర కాఫీ తాగనివ్వలేదు, కాళ్లు కడగకుండా ఎక్కనివ్వలేదు. మూడు రోజులు దాన్ని మంచం మీద పడుకోబెట్టి, సుంకన్న చాప మీద పడుకున్నాడు.

ఇంత జరిగినా నా పేరు ఎవరూ ఎత్తలేదు. పైగా ఒక కబురు వచ్చింది. మాణిక్యమ్మ కూతురు చందనకు పెళ్లి కుదిరిందట. మొదటి పత్రిక మేనమామకే ఇవ్వాలి కాబట్టి గురువారం ఆమే స్వయంగా వస్తోందట. ఏడేళ్ల తర్వాత వస్తున్న వదిన కంటికి ఇంట్లో చిరుగు కనబడకూడదని ఉరుకుందమ్మ పట్టుబట్టింది. పెట్టె మీద మడిచి పడేసిన నేనే ఆమెకు ఆ చిరుగునై కనిపించాను. గురువారం పొద్దున్నే పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే లింగమ్మను అరుగు మీదికి పిలిచింది.

లింగమ్మ నన్ను రెండు చేతులతో ఎత్తి చూసి, బొంతకైతే ఒక గరిటె ఇస్తానంది. ఒకే ఒక గరిటె. నేను ఏడు చీరల మనిషిని, సారీ, ఏడు పొరల బొంతను. ఉరుకుందమ్మ ఒప్పుకోలేదు. కుట్లు విప్పి విడివిడిగా ఇస్తే ఎంతో కొంత పెద్ద గిన్నె వస్తుందని లింగమ్మే చెప్పింది. ఇద్దరూ చెరో బ్లేడు పట్టుకుని కూర్చున్నారు. నాకు ప్రాణం పోతున్నట్టూ ఉంది, ప్రాణం లేచొస్తున్నట్టూ ఉంది. వాయిల్ చీర పోయింది. పరదాలు పోయాయి. గతం పోయింది.

సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగింది. మాణిక్యమ్మ పత్రిక పట్టుకుని మెట్లెక్కింది. ఎవరినీ పలకరించకుండా, పత్రికను కుర్చీ మీద పెట్టి, ముహూర్తం పదకొండో తేదీ అని గోడకు చెప్పింది. లోపల చాప మీదున్న సుంకన్న బనీనుతో బయటికి వచ్చాడు. లింగమ్మ ఇంకో నాలుగు కుట్లు తెంపి, పంచె లాగింది. దాని కింద కుంకుమ రంగు.

"అమ్మా, దీనికైతే కుక్కరే ఇస్తా" అంది లింగమ్మ.

మాణిక్యమ్మ వంగి అంచు పట్టుకుంది. రెండు వేళ్లతో రుద్ది చూసింది.

"ఇది మాయమ్మది" అంది. తర్వాత, నెమ్మదిగా, "ఏడేండ్లు దీన్ని లోపల కుట్టుకొని, పైన కప్పుకొని పండుకున్నావా ఉరుకుందా?"

ఉరుకుందమ్మ చేతిలో బ్లేడు అలాగే ఉంది. ఏం మాట్లాడినా ఎవరు నమ్ముతారు? చీర ఆమె ఇంట్లో, ఆమె బొంతలో, ఆమె విప్పుతుండగానే బయటపడింది. పారేసేందుకు చూస్తోందని కూడా అనుకోవచ్చు. చూసినవాళ్లకు వేరే కథ దొరకదు.

వేరే కథ ఒక్కరి దగ్గరే ఉంది. సుంకన్న చీరను చుట్టిన ఆ పాత పంచె వైపే చూస్తున్నాడు. దాని అంచున చాకలి పెట్టిన నల్ల సిరా గుర్తు. ఆయన ముఖంలో ఆ ఆఖరి ఓవరు మొత్తం, ఒక్కో బంతీ, తిరిగి వచ్చినట్టుంది. నోరు తెరవకపోతే ఏడేళ్ల మాట అలాగే ఉరుకుందమ్మ మీద ఉండిపోతుంది, ఆయనకు వచ్చే నష్టమేమీ లేదు. ఊరిని ఆపే గొంతు ఆ పూట గడప కూడా దాటేలా లేదు.

"అక్కా... ఆమె కాదు. నేనిచ్చినా. పీరమ్మ అమ్మ బట్ట ఏదన్నా ఒకటి నడుమ ఏయల్ల అనింది. నేనే అలమర చూపిచ్చినా."

"చూసి ఇచ్చినావా?"

"చూడకనే ఇచ్చినా. మ్యాచ్ చూస్తాంటి."

లింగమ్మ కుక్కరు మూత తీసి, మళ్లీ పెట్టింది. మాణిక్యమ్మ అరుగు మీద, మరదలి పక్కన, నా మీదే చతికిలబడింది.

"మంచినీళ్లు తెస్తావా ఉరుకుందా?"

ఉరుకుందమ్మ లేవలేదు.

"తెస్తా వదినా. ముందు ఆయప్పను ఏమన్నా అను. ఏడేండ్లు నన్నన్నావు. ఒక్క పూటన్నా ఆయన్ను అను, నేను వింటా."

మాణిక్యమ్మ అంది. ఏమేం అందో రాయడానికి నా ఏడు పొరలూ చాలవు. ఒక గంట పైన పట్టింది. మధ్యలో ఉరుకుందమ్మ రెండుసార్లు మంచినీళ్లిచ్చింది, వదిన గొంతు ఎండిపోకూడదని. చివరికి శిక్ష కూడా ఇద్దరూ కలిసే వేశారు. చీరను చందన తన పెళ్లికి కట్టుకుంటుంది. ఈ చీర సంగతి అడిగిన ప్రతి మనిషికీ జరిగింది జరిగినట్టు సుంకన్నే చెప్పాలి. నన్ను భుజాన వేసుకుని మరీ చెప్పాలి.

గుంతకల్లు నుంచి పీరమ్మను పిలిపించి నన్ను మళ్లీ కుట్టించారు. ఈసారీ ఆవిడ నడుమ వేయడానికి పెద్దామె బట్ట అడిగింది. ఈసారి సుంకన్న టీవీ ఆపి, లేచి వెళ్లి, అలమర అంతా వెతికి, వెనకెక్కడో నక్కి ఉన్న నీలం నూలు చీర తెచ్చి, విప్పి, రెండు వైపులా చూసి, ఉరుకుందమ్మకు చూపించి, ఫోనులో అక్కకు కూడా చూపించి ఇచ్చాడు. అది మెత్తగా ఉంది. ఎవరినీ కుట్టదు. కంబళి పక్కింటికి, దుప్పటి సోఫా మీదికి, పులి అటక మీదికి పోయాయి. కంఫర్టరును మాత్రం ఇప్పటికీ ఎవరూ తాకడం లేదు, మరక పడుతుందని.

పెళ్లిలో చందన పీటల మీద కూర్చుంటే చీర నిండా వరసలు వరసలుగా సన్నటి చుక్కలు. పీరమ్మ దబ్బనం దారులు. ఇది ఏ ఊరి నేత, ఏ షాపులో తెచ్చారు అని ఆడవాళ్లు ఆగి అడిగారు. మంటపం ద్వారం దగ్గర, ఎండాకాలం నడిమధ్యాహ్నం, భుజాన బొంతతో, చెమటలు కారుతూ సుంకన్న నిలబడ్డాడు. నలభై మందికి విడివిడిగా చెప్పాక, ఇక లాభం లేదని జేబులోంచి ఈల తీసి ఊదాడు. మేళం ఆగింది. పంక్తిలో చేతులు ఆగాయి. అప్పుడు తన మామూలు గొంతుతో, టీవీ దగ్గర్నుంచి బొంత దాకా మొత్తం చెప్పాడు. చీర పోగొట్టింది తాననీ, మాట పడింది తన పెళ్లామనీ చివర్న రెండుసార్లు చెప్పాడు. విడిది గదిలో ఎవరో సూట్‌కేసు తాళం తీసిన చప్పుడు వినబడింది. అది నిజంగా తాళమో, నా ఊహో నాకూ తెలియదు.

పంక్తిలో ఏసీ మెకానిక్కు కూడా ఉన్నాడు. బూరె పక్కన పెట్టి, ఒకటి తేల్చుకోవాలన్నట్టు తల ఎత్తాడు.

"అమ్మా, ఆ పొద్దు నేను అడిగింది బ్రాకెట్."

"నువ్వు ఏమడిగితే ఏంలేప్పా" అంది ఉరుకుందమ్మ, సుంకన్న భుజం మీదున్న నన్ను సర్దుతూ. "నేను ఇచ్చింది సరైందే."