త్యాగరాజుగారి భూతదయ

మయూర్ విహార్‌లో త్యాగరాజు, కస్తూరి దంపతులుండే మూడో అంతస్తు ఫ్లాట్లోకి ఆ చలికాలం చుంచెలుకలు దిగాయి. కందిపప్పు సంచికి చిల్లి పెట్టి, పొయ్యి గట్టు కింద కాపురం పెట్టాయి. జిగురు అట్ట తెస్తానంది కస్తూరి. త్యాగరాజు ససేమిరా వద్దన్నాడు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో డిప్యూటీ సెక్రటరీ. ఇంట్లో మాట్లాడినా ఫైలు మీద నోటు రాసినట్టే ఉంటుంది. ప్రతి ప్రాణికీ బతికే హక్కుందని అరగంట చెప్పాడు. మధ్యలో ఒక ఎలుక ఫ్రిజ్ వెనకనుంచి వచ్చి కాసేపు విని వెళ్ళింది.

ఆదివారం తనే బోను తయారుచేశాడు. ఖాళీ నీళ్ళ సీసాకి రెండువైపులా చిల్లులు పొడిచి, తీగ దూర్చి, పాత పెయింటు బకెట్టు మూతికి అడ్డంగా బిగించాడు. సీసాకి వేయించిన పల్లీల ముద్ద పూశాడు. ఎక్కి రావడానికి ఒక చెక్క ఏటవాలుగా ఆనించాడు. ఎలుక ఆశపడి సీసా మీద కాలు పెడితే అది గిర్రున తిరిగి ఎలుక లోపల పడుతుంది. దెబ్బ తగలకుండా అడుగున కస్తూరి కొత్త తువ్వాలు పరిచాడు. పాతది ఉంది కదా అని ఆవిడంటే, అది గరుగ్గా ఉంటుందన్నాడు.

తెల్లారేసరికి రెండు పడ్డాయి. ఆయన వీడియో తీసి సొసైటీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దండాల బొమ్మలు వెల్లువెత్తాయి. వారం తిరక్కుండా బ్లాకులోవాళ్ళంతా తమ ఎలుకల్నీ ఈయనకే అప్పజెప్పడం మొదలెట్టారు. ప్రతి ఆదివారం ఆయన బకెట్టు పట్టుకుని లిఫ్టులో దిగేవాడు. పనివాళ్ళు ఆ లిఫ్టు ఎక్కకూడదని తీర్మానించిన కమిటీలో ఆయనా సభ్యుడే. ఎలుకల గురించి ఆ తీర్మానంలో ఏమీ లేదు. కార్లో యమున ఒడ్డుకి తీసుకెళ్ళి, పొదల దగ్గర వదిలి, నమస్కారం పెట్టి వచ్చేవాడు.

నెల దాటాక ఒకరోజు పనిమనిషి చాందిని గిన్నెలు తోముతూ కస్తూరితో సంగతి చెప్పింది. ఆ పొదల వెనకే వాళ్ళ గుడిసెలు. ఎవరో కారులో వచ్చి ఎలుకల్ని వదిలిపోతున్నారు, అవి నేరుగా తమ ఇళ్ళల్లోకి వస్తున్నాయి, గోధుమపిండి పోయింది, పసిదాని బొంత పోయింది. ఎవరా అని మొన్న ఆదివారం కాపు కాసి చూస్తే మన సాబే అంది. ఐదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి ఎక్కడుంటుందో కస్తూరి ఏనాడూ అడగలేదు. ఆవిడకి తల ఎత్తబుద్ధి కాలేదు.

సాయంత్రం భర్తతో చెప్పింది. ఆయన ఏమాత్రం తొణక్కుండా, అది వాటి సహజమైన చోటు అన్నాడు.

"ఎవరి చోటండీ? ఎలుకలదా, చాందినిదా?"

"కావాలంటే దానికీ బోను చెయ్యడం నేర్పిస్తాను."

"నేర్పండి. పట్టినవాటిని ఎక్కడ వదలాలో కూడా చెప్పండి."

ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం కస్తూరి కూడా కారెక్కింది. పొదల దగ్గర అప్పటికే పదిమంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. చాందిని ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు.

"సాబ్, వీటిని మీ ఇంటికే తీసుకెళ్ళండి. మీకు వీటి మీద ప్రేముంది. మాకంత స్తోమత లేదు."

త్యాగరాజు సాయం కోసం భార్యవైపు చూశాడు. ఆవిడ బకెట్టు పెట్టుకోవడానికి కారు వెనక తలుపు తెరిచి పట్టుకుంది.

ఇంటికి రాగానే, సొసైటీ పార్కులో వదులుతానని ఆయన గ్రూపులో రాశాడు. దండాలు పెట్టిన చేతులే పది నిమిషాల్లో కుదరదని కొట్టిపారేశాయి. పార్కులో పిల్లలాడుకుంటారట. ఎలుకల మందు పెట్టేవాళ్ళ నంబరు ఇమ్మంటారా అని ఒకాయన అడిగాడు. ప్రాణికోటి మీద నెలన్నరగా ఉపన్యాసాలిచ్చిన నోటితో సరేననడం ఎలాగో త్యాగరాజుకి తెలియలేదు. పెద్ద జాలీ పంజరం కొనుక్కొచ్చి బకెట్టులో ఉన్న ఐదింటినీ అందులో వేసి బాల్కనీలో పెట్టాడు.

మర్నాడు కస్తూరీ చాందినీ కలిసి సింకు కింద పైపు చుట్టూ ఉన్న కంతలో స్టీలు పీచు కుక్కి, సిమెంటు పూశారు. అరగంట పని. ఇంట్లోకి మళ్ళీ ఎలుక రాలేదు.

బాల్కనీలోవాటిలో రెండు చూలుతో ఉన్నాయని ఎవరికి తెలుసు? ఫిబ్రవరికి లెక్క పంతొమ్మిదికి చేరింది. ఆఫీసుకి టై కట్టుకున్నాక త్యాగరాజు రోజూ ముక్కుకి రుమాలు చుట్టుకుని, పంజరంలో తడిసిన కాగితాలు తీసి, కొత్తవి పరిచి, కీరా ముక్కలు వేస్తాడు. బాల్కనీ కూడా ఊడ్చెయ్యనా అని చాందిని ఒకసారి అడిగింది.

"వద్దు, అది సార్ పని," అని కస్తూరి బాల్కనీ తలుపు దగ్గరగా వేసింది.