కొండపల్లి కోటలో మిరపకాయ

శేషగిరిరావుగారు కాలేజీలో చరిత్ర చెప్పి ఊరుకుంటే భార్య హైమవతికి ఏ బాధా ఉండేది కాదు. ఇంటికొచ్చి పప్పులో పోపుకీ, పక్కవాళ్ళ పెళ్ళికీ, చివరికి ఆవిడ రాసుకునే సీరియల్‌కీ కూడా చరిత్ర చెప్పేవారు.

రెడ్డిరాజుల నాటి కొండపల్లి కోటలో హత్య. వారపత్రికలో ఆవిడ మొట్టమొదటి సీరియల్. ఆఖరి భాగంలో, విషం కలిసిన చారులోకి మిరియాలు నూరుతూ తుమ్ములు ఆపుకోలేకపోయిన మరదలే కోటనాయకుడికి విషం పెట్టిందని తేలుతుంది.

"తుమ్మినందుకు ఉరేస్తారుటే?" అన్నారాయన. మిరియాల చారు తీయించి మిరపకాయ పచ్చడి పెట్టించారు. మరదలి చేతులు భగ్గున మండాయి, దొరికిపోయింది. "చరిత్రంతా నేను సరిచూశాను" అని ఎడిటర్‌తో చెప్పి మరీ కాగితాలు ఇచ్చొచ్చారు.

ఆ భాగం అచ్చు మొదలయ్యే రోజు మధ్యాహ్నం, పక్కింటి బోటనీ లెక్చరర్ తెరేసమ్మ చిత్తుప్రతి చదివి పకపకా నవ్వింది.

"మిరపకాయేంటక్కా! అది పోర్చుగీసువాళ్ళ ఓడల్లో దిగింది. మీ కోటనాయకుడు పోయి అప్పటికి నూరేళ్ళ పైమాటే!"

హైమవతి గబుక్కున లేచింది. కథ పైన తన పేరు, పక్కన ఫోటో. ఊరంతా నవ్విపోతే రెండో సీరియల్ ఎవరడుగుతారు? మిరియాలున్న పాత కాగితాలు సంచిలో కుక్కుకుని, భర్తని కునుకులోంచి లేపి రిక్షా ఎక్కించింది.

"ఆంధ్రుడు మిరపకాయ లేకుండా ఎన్నడైనా బతికాడుటే?" భవానీపురం దాటకముందే మొదలుపెట్టారాయన.

"ఏ పుస్తకంలో ఉందండీ?"

"చూడాలి."

"చూడకుండానే పెట్టించారా?"

ఆయన ఎదురుగా వస్తున్న లారీని శ్రద్ధగా గమనించసాగారు. మార్కెట్ దగ్గర రిక్షా ఆగిన ప్రతిసారీ ఆవిడ గుండె కూడా ఆగింది.

ప్రెస్సులో ఎడిటర్ వెంకటకృష్ణారావు లేచి నిలబడ్డాడు. ఒకప్పుడు శేషగిరిరావుగారి శిష్యుడే. హైమవతి చెప్పిందంతా విని నవ్వాడు.

"ఆఖర్న రచయిత్రులందరికీ ఇదే కంగారమ్మా. అచ్చు పేజీల ఫారాలు బిగించేశాం. మాస్టారు సరేనన్నదాన్ని నేను మార్చడమా? కావాలంటే ఆయన్నే చెప్పమనండి, ఇప్పుడే ఆపుతాను."

శేషగిరిరావుగారు పైన తిరగని ఫ్యానుకేసి చూస్తున్నారు. లోపల ఎవరో "స్టార్ట్ చెయ్యమంటారా సార్?" అని కేకేశారు. హైమవతి పాత కాగితాలు భర్త ముందుకు చాపింది.

ఆయన ఆ కాగితాలు చూశారు, ఆవిడ మొహం చూశారు. మొదలెట్టమన్నట్టు ఎడిటర్ చెయ్యి పైకి లేస్తోంది.

"ఆగవయ్యా!" అన్నారు, క్లాసులో అరిచినట్టు. తరవాత గొంతు తగ్గింది. "తప్పు నాదే. అప్పటికి మిరపకాయ లేదు. ఆవిడ మిరియాలే రాసింది, నేనే చెడగొట్టాను."