రెండో ఫోటోలో లేని రాయి

సముద్రం ఒడ్డున బతికేవాళ్లు ఇంట్లో సముద్రం పెట్టుకుంటే అదొక ముచ్చట. తాడిపత్రిలో, తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కునే వీధిలో, హేమ ఆ మంచినీళ్లలోనే బెంగుళూరు నుంచి తెప్పించిన ఉప్పు కలిపి హాల్లో పెద్ద గాజుతొట్టి నిండా సముద్రం పెంచుతోంది. చేపలు రెండే. మిగతావన్నీ పగడాలు. రాళ్లను అంటిపెట్టుకుని, పూలలా విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉండే ప్రాణులు. వీధిలో ఆడవాళ్లు ఆమెకు ఉప్పునీళ్ల హేమ అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్లే వచ్చి తొట్టి ముందు కూర్చుంటే కాఫీ తాగినా కదలరు.

ఆ తొట్టి వైపు కన్నెత్తి చూడనివాడు ఆమె మొగుడు చైతన్య ఒక్కడే. అతనికి బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. పొద్దున లేస్తే రాయి, పడుకోబోతే రాయి. ఊరందరూ మెచ్చుకున్నా ఇంట్లోవాడు మెచ్చకపోతే ఏం లాభమని హేమకు లోలోపల ఉక్రోషం. రోజుకొక్కసారైనా అతన్ని సాధించకుండా అన్నం పెట్టేది కాదు.

ఇంకొక ఉక్రోషం ఫోటోల మీద. పగడాలకు నీలిదీపాలు కావాలి. ఆ వెలుతురులో కంటికి పచ్చగా, ఎర్రగా మెరిసేవన్నీ ఫోనులో తీస్తే నీలిమందులో ముంచినట్టే వస్తాయి. బెంగుళూరు వాళ్ల పగడాల గ్రూపులో పెట్టినప్పుడల్లా, "మేడమ్, ఇంతకీ ఇందులో చేప యాడుంది?" అని ఎగతాళి. ఇక లాభం లేదు, మంచి కెమెరా కొనాల్సిందేనని పట్టుబట్టింది.

ఆ ఆదివారం చైతన్య చిన్ననాటి స్నేహితుడు, పెళ్లి ఫోటోలు తీసే ఖాజా హుస్సేన్ రెండు కెమెరాలు పట్టుకొచ్చాడు. ఒకటి లావుపాటి పాతది. దానికి తాళిబొట్టును, మెట్టెలను దగ్గరగా తీసే మాక్రో లెన్సు ఉంది. రెండోది చిన్నది, కొత్తది, చేతిలో ఇమిడిపోతుంది.

"రెండిట్లో తీసి చూపిస్తా వదినా. నీకేది నచ్చితే అది తీసుకుందువు" అన్నాడు ఖాజా. "మొదట కిటికీలన్నీ మూయండి. కర్టెన్లు లాగండి. అద్దంలో మన మొహాలు పడకూడదు. ఫ్యాన్లు కూడా వద్దు."

హేమ ఇల్లంతా మూసేసింది. ఖాజా నల్లచొక్కా గుండీలు పెట్టుకుని, లెన్సును అద్దానికి సూటిగా పట్టి, పాత కెమెరాతో తీశాడు. రంగులు సరిచేసి తెర చూపించగానే హేమ "అబ్బ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్లూ తన ఇంట్లో ఉన్నది ఇదా! చేప ఒంటిమీది నారింజరంగు, పగడాల కొసల మీది గులాబీ, అన్నీ ఉన్నాయి. అయితే సరిగ్గా ముందర ఒక రాయి అడ్డంగా కూర్చుంది. దాని నిండా గోధుమరంగు బొత్తాల్లాంటివి కుప్పగా పెరిగి చేపను సగం కప్పేశాయి. అవి వేరే పగడం కొన్నప్పుడు దాని రాయితోబాటు ఊరికే వచ్చినవి. ఫోనులో ఎప్పుడూ నల్లమచ్చలాగే కనిపించేవి కాబట్టి ఆమె వాటిని పాచి కింద జమకట్టింది.

"ఈ మురికిరాయి ఒకటి!" అని విసుక్కుంది.

సోఫాలో పేపరు చదువుతున్న చైతన్య తలెత్తాడు. "రాయా? దాన్ని ఇట్ల తీసియ్యి. ఉడుకునీళ్లల్లో కాసేపు కాగబెట్టి ఇనప బ్రష్షుతో రుద్దితే అద్దం మాదిరి అయితాది."

హేమకు నమ్మబుద్ధి కాలేదు. ఈ మనిషి తనంతట తాను తొట్టి సంగతిలో చెయ్యి పెట్టడం! ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని, చేతికి తొడుగు వేసుకుని ఆ రాయిని తీసి గబగబా గిన్నెలో పెట్టి అందించింది.

"బాగా పోతాదా?"

"రాళ్ల సంగతి నాకు చెప్తావా నువ్వు? నేను పుట్టిందే వాటి నడుమ."

అతను గిన్నె పట్టుకుని వంటింట్లోకి పోయాడు. వంటింటి వెలుతురు తొట్టి అద్దం మీద తెల్లగా పడింది. హేమ లేచి వెళ్లి, "తలుపేస్తాండా. నేను చెప్పేదాకా తీయాకు" అని తన చేత్తో తలుపు దగ్గరికి లాగింది.

ఖాజా చిన్న కెమెరా అందుకున్నాడు. రాయి అడ్డం లేకపోవడంతో చేప నిండుగా కనిపిస్తోంది. "ఇంగొకటి వదినా, ఇంగొకటే" అంటూ తీస్తూనే ఉన్నాడు. లోపలినుంచి దగ్గు వినిపించింది. బండల దుమ్ము తినే మనిషికి దగ్గు కొత్తా? హేమ పట్టించుకోలేదు.

రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ కెమెరా మేలో తేలలేదు. హేమ వాటిని బెంగుళూరులో పగడాలు అమ్మే శ్రీకాంత్‌కు పంపింది. రెండు నిమిషాల్లో అతనే ఫోన్ చేశాడు.

"మాక్రో లెన్సుదే తీసుకోండి మేడమ్, అనుమానమే వద్దు. కానీ మొదటి ఫోటోలో ముందర ఉండే రాయి రెండో దాంట్లో లేదే? యాడ పెట్టినారు?"

"అదా? మా ఆయన ఉడకబెట్టి కడుగుతాండాడు" అంది హేమ, కాస్త గర్వంగానే.

అవతలినుంచి వచ్చినది మాట కాదు, అరుపు.

"ఉడకబెట్టడమా? అవి విషం మేడమ్! ఆ బటన్ పగడాలు ఉడికితే ఆవిరి ప్రాణం తీస్తాది. ఆయన్ని బయటికి లాగండి! మీరు ఊపిరి పీల్చొద్దు!"

హేమ చేతిలోంచి ఫోను జారింది. ఖాజా ఒక్క దూకులో వెళ్లి తలుపు తోశాడు. వంటిల్లంతా ఆవిరి. చైతన్య తలుపు పక్కనే గోడకు ఆనుకుని కూలబడి, ఎదురొమ్ము పట్టుకుని, గాలి అందక నోరు తెరిచి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. ఖాజా ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని గ్యాసు కట్టేశాడు. ఇద్దరూ చెరొక చెయ్యి పట్టి అతన్ని వీధిలోకి ఈడ్చుకొచ్చారు.

"నోరు చేదుగా ఉండాది... నాలిక తిమ్మిరెక్కింది" అన్నాడు చైతన్య. ఆ తరువాత మాట పడిపోయింది.

తాడిపత్రిలో ఆక్సిజన్ పెట్టి అనంతపురం పంపారు. అక్కడి డాక్టరమ్మ, "ఏం పీల్చినాడు?" అని అడిగింది.

"రాయి ఉడకబెట్టిన ఆవిరి."

డాక్టరమ్మ హేమను ఎగాదిగా చూసింది. ఈమెకు గానీ మతి పోయిందా అన్నట్టుంది ఆ చూపు. మెడలో పాత కెమెరా అట్లాగే వేలాడుతుండగా వచ్చిన ఖాజా అందులో ఆ రాయి ఫోటో చూపించాడు, శ్రీకాంత్‌ను ఫోనులో మాట్లాడించాడు. వింటున్నకొద్దీ డాక్టరమ్మ మొహం మారిపోయింది.

"దీనికి విరుగుడు లేదమ్మా" అంది చివరికి. "ఊపిరి నిలబెట్టేదే మా పని. తట్టుకోవాల్సింది ఆయన ఒళ్లు."

విరుగుడు లేదు. ఆ మాట హేమ చెవుల్లో పడింది గానీ లోపలికి దిగలేదు. తన చేత్తో తీసిన రాయి, తన చేత్తో ఇచ్చిన గిన్నె. ముద్దుచేసి పెంచుకున్న తొట్టిలో ఇలాంటిది ఉందని ఎవరైనా కలగంటారా? గోడకు తల కొట్టుకుని ఏడవాలనిపించింది. కళ్లలో చుక్కనీరు రాలేదు. ఆ బెంచీ మీద అలాగే కూర్చుంది. ఖాజా తెచ్చిన టీ చల్లారిపోయినా ముట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఊపిరి దారిలో పడింది. గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పి మాస్కు తీయించింది. హేమ మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. చైతన్య కళ్లు తెరిచి, బొంగురుగొంతుతో మొదట అడిగిన మాట విని ఆమె నివ్వెరపోయింది.

"ఫోటో బాగా వచ్చినాదా?"

"ఫోటో ఎవరిక్కావాల!" ఆమెకు దుఃఖం, కోపం ఒక్కసారే పొంగాయి. "ఆ ఆవిర్లో ఎందుకప్పా అట్లే నిలబడితివి? దగ్గొచ్చినప్పుడన్నా బయటికి రాగూడదా?"

"తలుపు దాకా వస్తిని" అన్నాడు అతను, మాటమాటకూ ఆగి ఊపిరి తీసుకుంటూ. "ఖాజా గాడు ఇంగొకటి, ఇంగొకటే అంటాంటే ఇనపడె. తీస్తే వెలుతురు పడి నీ ఫోటో చెడిపోతాది గదా అని ఆగితిని."

హేమ అతని చేతిని రెండు చేతులతో పట్టుకుంది. పక్క మంచాలవాళ్లు లేచి చూస్తున్నా, నర్సు వచ్చి సముదాయించినా ఆపుకోలేక బావురుమంది.