తెలియదన్న మాట

మా అన్న ఐలేశం పేరు రాయి మీద ఎక్కాలంటే కాగితం కావాలన్నారు.

మా ఊరు మేళ్లచెరువు పక్కన. సాయుధ పోరాటంలో ప్రాణాలు పోయినవారికి ఊళ్ళో స్తూపం కడదామని, అన్నీ అయిపోయిన యాభై ఏళ్ళకు కమిటీ వేశారు. కమిటీ పెద్ద జానయ్య మా వెనక ఇంటివాడే. మా అన్న సంగతి తెలియనివాడు కాదు. అయినా మా అరుగు మీద కూర్చుని, నేనిచ్చిన చాయ్ తాగుతూ అన్నాడు:

"పెద్దమ్మా, జైలు కాగితమో పోలీసు కాగితమో ఏదన్న చూపియ్యాలె. లేకుంటే రేపు ప్రతోడు మా తాత గూడ అమరుడే అంటడు."

"మీ నాయినకు ఓనమాలు దిద్దిపిచ్చింది ఎవలురా?"

"మీ అన్ననే. కాదన్ననా? గని కమిటీకి కాగితం గావాలె."

కురుమయ్య గొర్ల దొడ్డి పక్క కొట్టంలో మా అన్న చిన్న గ్రంథాలయం నడిపేవాడు. పుస్తకాలు ఇరవై కూడా లేవు. వారం ఆలస్యంగా వచ్చే పత్రికను గట్టిగా చదివి వినిపించేవాడు. రజాకార్లు ఆ కొట్టాన్ని తగలబెట్టాక సంఘం దళంలోకి వెళ్ళాడు. పోలీసు యాక్షన్‌తో రజాకార్లు పోయారు, మావాళ్ళ మీదికి మిలిటరీ వచ్చింది. మరుసటి ఏడు మా అన్నను చంపేశారు.

మనవరాలు మంజులతను తోడు తీసుకుని హైదరాబాదులో పాత రికార్డులు దాచే ఆఫీసుకు వెళ్ళాను. నిజాం దఫ్తరాల కాగితాలు గుడ్డ మూటల్లో కట్టి, ఇనుప బీరువాల నిండా ఉన్నాయి. చీటీ రాసిస్తే కట్ట తెచ్చి బల్ల మీద పెడతారు. ఉర్దూ రాత చదివి చెప్పడానికి మైసయ్య అనే పెద్దమనిషి ఉన్నాడు. రెండు రోజులు పేరు పట్టుకుని వెతికాడు. దొరకలేదు.

"పేరుతోని గాదు అవ్వా, తారీఖుతోని ఎతుకుదాం. ఎప్పుడు జరిగింది?"

"జొన్న కోతలప్పుడు సారూ."

"గీ కట్టల మీద కోతలు, నాట్లు రాయరే అవ్వా!" అని నవ్వాడు. అయినా లెక్క కట్టి, ఆ రెండు నెలల కట్టలూ తెప్పించాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక కాగితం దగ్గర ఆగాడు.

"అవ్వా, నీ పేరేంది?"

"గుర్వమ్మ."

"మీ నాయిన?"

"లచ్చయ్య."

ఇక నవ్వలేదు. మెల్లగా తెలుగులో చెప్పాడు. గుర్తు తెలియని మగ శవం. వయసు ఇరవై రెండు ఉండవచ్చు. కుడి చెవి కింద మచ్చ. లచ్చయ్య కూతురు గుర్వమ్మ, పదేళ్ళ పిల్లను పిలిచి చూపించగా, ఎవరో తెలియదని చెప్పినది. ఊరి బయట పూడ్చడమైనది.

ఆ రోజు చావడి ముందు ఎడ్లబండి మీద పడుకోబెట్టారు అన్నను. చిన్నపిల్లలు అబద్ధం చెప్పరని మిలిటరీవాళ్ళు నన్ను తీసుకుపోయారు. చనిపోయినవాడు మావాడని ఎవరైనా అంటే ఆ ఇల్లు కాలుతుంది, ఇంట్లోవాళ్ళు జైలుకు పోతారు. అందుకే ఎవరిని చూపించినా తెలియదనాలని సంఘం ఇంటింటికీ నేర్పింది. మా ఇంట్లో నేర్పినవాడు అన్నే. నేను తప్పులేకుండా అప్పజెప్పాను. జవాను బెల్లం ముక్క చేతిలో పెడితే తిన్నాను కూడా. ఇంటి దగ్గర అమ్మ, బయటికి వినపడకుండా కుండలో తల పెట్టి ఏడ్చింది.

"గా మాట కొట్టెయ్యి సారూ. ఆయన మా అన్న."

"కొట్టెయ్యనీకి లేదవ్వా. అబద్ధమైనా ఉన్నది ఉన్నట్టే దాయాలె. గదే మా నౌకరి."

మంజులత నా చేయి పట్టుకుంది. ముద్ర వేసిన నకలు తీసుకుని ఊరికి వచ్చి జానయ్యకు ఇచ్చాను. మైసయ్య తెలుగులో రాసిచ్చిన భాగం రెండుసార్లు చదువుకున్నాడు.

"పెద్దమ్మా, గిండ్ల ఐలేశం పేరే లేదు. నువ్వే తెల్వదన్నవు. గిప్పుడు మా అన్న అంటే కమిటీ ఎట్ల ఒప్పుకుంటది?"

"అవురా, తెల్వదన్న. మీ నాయిన గూడ గాడనే నిలవడి తెల్వదన్నడు. అందరం అన్నం. అంటెనే గదరా గీ ఊరు కాలకుండ మిగిలింది."

కాగితం మడిచి నా చేతిలో పెట్టి, చెప్పులు వేసుకున్నాడు.

మా అన్న పేరు లేకుండా, పదకొండు పేర్లతో స్తూపం లేచింది. హైదరాబాదులో ఆ కట్ట మాత్రం ఎవరు చీటీ రాసిచ్చినా తెచ్చి బల్ల మీద పెడతారు.